ఫొటోలో తాను లేని రాత్రి: చర్చా కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. స్నేహితులంతా కలిసి దిగిన ఫొటో ఒక పిల్లకు ఫోనులో కనిపిస్తుంది. అందులో తాను లేదు. ఇక ఆ పిల్లకు నిద్ర పట్టదు. పిల్లలు దీన్ని ‘ఫోమో’ (ఫియర్ ఆఫ్ మిస్సింగ్ ఔట్) అంటున్నారు, అంటే అందరూ ఉన్నచోట తాను లేకుండా పోతాననే భయం. ఈ రోజు మనతో ఒక బాలల మనస్తత్వ నిపుణురాలు, ఒక గణిత ఉపాధ్యాయుడు, 13 ఏళ్ల అమ్మాయి తల్లి ఉన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

తల్లి: ఒక రాత్రి నీళ్ల కోసం లేచాను. ఒంటిగంట దాటింది. మా అమ్మాయి దుప్పటి కింద వెలుగు కనిపించింది. కోపంతో ఫోను లాక్కున్నాను. ఏడుస్తుందనుకున్నాను. “రేపు నేను బడికి వెళ్లను” అంది. ఫోను పోతే బడి ఎందుకు మానాలో నాకు అర్థం కాలేదండీ.

ఉపాధ్యాయుడు: నేను రోజూ చూస్తున్నాను. పొద్దున్నే ఒకడు ఏదో మాట అంటాడు, తరగతంతా పకపకా నవ్వుతుంది. ఆ మాట రాత్రి గ్రూపులో పుట్టింది. అది తెలియని పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లూ నవ్వుతారు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది.

వ్యాఖ్యాత: పెద్దవాళ్లకు మాత్రం ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కదా?

నిపుణురాలు: చిన్నది కాదు. పరిశోధకులు కంప్యూటర్‌లో ఒక బంతి ఆట తయారుచేశారు. ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు విసరడం మానేస్తారు. అంతే ఆట. 2003లో ఇదే ఆట ఆడిస్తూ మెదడును పరిశీలిస్తే, శారీరక నొప్పితో సంబంధమున్న ఒక భాగం చురుకైంది. మరుసటి ఏడాది మరో పరిశోధనలో, ఎదుట ఉన్నది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందే చెప్పారు. అయినా ఆడినవాళ్లు నొచ్చుకున్నారు. యంత్రం బంతి విసరకపోతేనే మనసు చివుక్కుమంటే, రోజూ పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు పిలవకపోతే ఎలా ఉంటుంది? అందుకే “ఇంత చిన్నదానికా!” అనే మాట దయచేసి ఇంట్లో అనకండి. ఆ మాట అన్నాక పిల్లలు మళ్లీ మనకు చెప్పరు.

ఉపాధ్యాయుడు: ఒప్పుకుంటాను. కానీ నా అభిప్రాయం కొంచెం కఠినమైనది. ఈ వయసులో ఫోను ఇవ్వడమే తొందరపాటు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదన్నారు. కొన్ని యాప్‌లలో ఇద్దరు స్నేహితులు ఎన్ని రోజులు వరుసగా సందేశాలు పంపుకున్నారో లెక్క చూపిస్తారు; 24 గంటల్లోపు బదులు పంపకపోతే ఆ లెక్క తెగిపోతుంది. పిల్లల భయం మీదే నడిచే ఏర్పాటు అది.

నిపుణురాలు: ఆ ఏర్పాటు మీద నాకూ కోపం ఉంది. అయితే ఫోను లేని పిల్లకు కూడా పొద్దున్న ఆ నవ్వు వినిపిస్తుంది. ఆ సమయంలో ఏం చేయాలో చట్టం నేర్పదు.

ఉపాధ్యాయుడు: నిజమే. నేను ఒక చిన్న ప్రయత్నం చేశాను. మనకన్నా మన స్నేహితులకే ఎక్కువమంది స్నేహితులు ఉన్నారనిపించడం భ్రమ కాదు, లెక్క. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో దీన్ని వివరించారు. పదిమందితో తిరిగేవాడు ఆ పదిమంది స్నేహితుల జాబితాల్లోనూ కనిపిస్తాడు, ఒక్కరితో తిరిగేవాడు ఒక్క జాబితాలోనే ఉంటాడు. అందుకే మన జాబితాలో ఎక్కువమందితో తిరిగేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. నిజం పేర్లు వద్దని, ఊహించిన పేర్లతో బోర్డు మీద లెక్క వేయించాను. వెనక బెంచీ అబ్బాయి “అయితే చాలామందికి ఇలాగే అనిపిస్తుందా సార్?” అన్నాడు. ఆ గొంతులో ఎంత ఊరట!

వ్యాఖ్యాత: ఇంట్లో ఏం అడగాలి?

నిపుణురాలు: పిలవలేదా, తెలియలేదా, తెలిసినా వెళ్లలేకపోయిందా అని అడగాలి. మూడూ వేర్వేరు బాధలు. తెలియకపోతే స్నేహితురాలిని నేరుగా అడగవచ్చు. వెళ్లలేకపోతే ఆ వెలితి రెండు రోజుల్లో తగ్గుతుంది. కావాలనే పిలవకపోతే, ముందు పక్కన కూర్చోండి, సలహాలు తర్వాత. 2013లో ఈ భయాన్ని కొలిచిన పరిశోధకులు ఒక సంగతి గమనించారు: ఆత్మీయత, స్వేచ్ఛ, తన సామర్థ్యం మీద నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. కాబట్టి గ్రూపుకు బయట ఒక్క మంచి స్నేహం, చేతికి నచ్చిన ఒక్క పని ఉన్నా ఆ రాత్రి బరువు తగ్గుతుంది.

తల్లి: నేను ఫోను తిరిగి ఇచ్చేశానండీ. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో అన్ని ఫోన్లూ హాల్లో పెట్టాలనుకున్నాం. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి కదా. మొదటి రాత్రి తను ఒప్పుకోలేదు. “గ్రూపులో ఏమని చెప్పను?” అంది. “మా అమ్మ రాత్రి ఫోను దగ్గర ఉంచుకోనివ్వడం లేదని నా మీద చెప్పు” అన్నాను. అలాగే రాసింది. ఐదు నిమిషాల్లో ఇంకో అమ్మాయి “మా అమ్మ కూడా” అని రాసింది.