రెండో ప్రశ్న ఎవరు అడుగుతారు?

తమ్ముడు: నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు టీవీ డిబేట్ల సంగతి. అక్కా, నేరుగా అడుగుతా. యాంకర్ అందరికీ సమానంగా టైమ్ ఇస్తే న్యాయంగా నడిపినట్టేనా?

అక్క: కాదబ్బా. ఒకరినేమో "మీ ప్రభుత్వం ఎందుకు విఫలమైంది?" అంటారు. ఇంకొకరిని "మీరు ప్రజలకు ఏం చెప్పదలచుకున్నారు?" అంటారు. ఇద్దరికీ రెండేసి నిమిషాలే. కానీ ఒకాయన సంజాయిషీ చెప్పుకోవాలి, ఇంకొకాయన హాయిగా ఉపన్యాసం ఇచ్చుకోవచ్చు. అందుకే నేను గడియారం చూడను, రెండో ప్రశ్న కోసం చూస్తా. జవాబు దాటేస్తే మళ్లీ అడిగారా? అందరినీ అట్లే అడిగారా?

తమ్ముడు: అట్లా అడిగినవాళ్లు ఉన్నారా?

అక్క: 1976 అక్టోబర్ 6, శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్‌కీ, ఆయన మీద పోటీ చేసిన కార్టర్‌కీ ఎన్నికల డిబేట్. తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదనేశారు ఫోర్డ్. పోలండ్‌లో సోవియట్ సైన్యం ఉన్న రోజులవి! ప్రశ్న వేసింది న్యూయార్క్ టైమ్స్ విలేకరి మాక్స్ ఫ్రాంకెల్. ఆయన ఎగతాళి చేయలేదు, గొంతు పెంచలేదు. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా అన్నట్టు మళ్లీ అడిగారు. అంటే మాట సర్దుకోవడానికి దారి ఇచ్చారన్నమాట. ఫోర్డ్ మాత్రం యుగోస్లావియా, రొమేనియా, పోలండ్ అని పేర్లు చెప్పి మరీ అదే మాట పట్టుకున్నారు. ఆ రెండో ప్రశ్న లేకపోతే, ఏదో నోరు జారిందిలే అనుకునేవాళ్లం.

తమ్ముడు: జనానికి గుర్తుండేది మనిషి కనబడిన తీరే కదక్కా? 1960 అమెరికా ఎన్నికల్లో కెనడీ చేతిలో నిక్సన్ ఓడింది, టీవీ డిబేట్‌లో బాగా కనబడకపోవడం వల్లేనంటారు.

అక్క: మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి, చిక్కిపోయి వచ్చారాయన. కెమెరాలో నీరసంగా కనబడ్డారు, నిజమే. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచారనుకున్నారు, టీవీలో చూసినవాళ్లు కెనడీ అనుకున్నారు అని కూడా చెబుతారు. దానికి చూపించే సర్వేలో రేడియో విన్నవాళ్లు చాలా తక్కువమంది. అంత గట్టిగా చెప్పడానికి అది చాలదు.

తమ్ముడు: 2024లో ట్రంప్‌తో డిబేట్‌లో బైడెన్ తడబడింది మాత్రం అందరం కళ్లారా చూశాం.

అక్క: జూన్ 27న అట్లాంటాలో. ఎదురుగా జనం లేరు, ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవాళ్ల మైక్ ఆఫ్. ఆ పద్ధతి నాకు నచ్చింది, మన చానళ్లకు ముందు కావాల్సింది అదే. అరుపులు లేవు కాబట్టే బైడెన్ తడబాటు అంత స్పష్టంగా కనబడింది. జూలై 21న పోటీ నుంచే తప్పుకున్నారు. అయితే నేను ఎక్కువగా ఆలోచించేది ట్రంప్‌కీ, బైడెన్ బదులు నిలబడ్డ కమలా హారిస్‌కీ సెప్టెంబర్ 10న జరిగిన డిబేట్ గురించి. ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో వలస వచ్చినవాళ్లు పెంపుడు జంతువులను తింటున్నారని ట్రంప్ అంటే, నమ్మదగిన ఆధారాలు లేవని నగర అధికారి చెప్పారని డిబేట్ నడిపిన ఏబీసీ చానల్ యాంకర్ డేవిడ్ మ్యూర్ అక్కడికక్కడే సరిదిద్దారు.

తమ్ముడు: అది పక్షపాతమని ట్రంప్ వైపువాళ్లు గొడవ చేశారు కదా?

అక్క: సరిదిద్దడం తప్పు కాదు. అబద్ధాన్ని వదిలేస్తే వినేవాళ్లకు అన్యాయం. కానీ అదే రోజు మొదటి ప్రశ్న చూడు. నాలుగేళ్ల కిందటి కంటే జనం పరిస్థితి మెరుగైందా అని కమలా హారిస్‌ను అడిగారు. ఆమె తాను మధ్యతరగతిలో పెరిగిన సంగతి ఎత్తుకుని, తన పథకాల మీదికి పోయారు. అవునో కాదో చెప్పలేదు. రెండోసారి అడగలేదు! అక్కడ నాకు బాధేసింది. ఒకరి విషయంలో అంత పట్టుదల చూపినప్పుడు, ఇంకొకరి విషయంలోనూ చూపాలి.

తమ్ముడు: మనకు అసలు ఎదురెదురు డిబేటే లేదు. 2024 మే నెలలో మాజీ జడ్జీలు జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఎ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి, బహిరంగ డిబేట్‌కు రమ్మని మోదీకి, రాహుల్ గాంధీకి ఉత్తరం రాశారు. రాహుల్ సరేనన్నారు, డిబేట్ మాత్రం జరగలేదు.

అక్క: ఢిల్లీ దాకా ఎందుకు, చిత్తూరులోనే పెట్టమను. తోతాపురి మామిడి ధర మీద అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలి. 2025లో కిలోకు 12 రూపాయలన్నారు. అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలి. "రైతుకు అండగా ఉంటాం" అని ప్రతి అభ్యర్థీ అంటారు. అప్పుడు నడిపే మనిషి ఒక్కొక్కరినీ, తన వర్గమైనా సరే, మళ్లీ అడగాలి: "ఫ్యాక్టరీ ఆ 8 ఇవ్వకపోతే మీరు ఏం చేస్తారు?"