హోమ్‌స్కూల్ పిల్లాడికి కారు ఇన్సూరెన్స్: అమ్మ వేసిన మార్కులు చెల్లవా?

[తెర మీద: వంటింటి బల్ల. ఒక పక్క తెరిచిన లాప్‌టాప్, ఇంకో పక్క కారు తాళాలు.]

నమస్కారమండీ. టెక్సాస్‌లో ఉంటూ పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ వీడియో. పిల్లాడికి పదహారు నిండాయి, లైసెన్సు చేతికొచ్చింది, ఇన్సూరెన్స్ కోట్, అంటే కంపెనీ చెప్పిన ధర, చూడగానే కళ్లు బైర్లు కమ్మాయి. అంతేనా? మాకూ అంతే.

మావాడి సంగతి అడుగుదామని ఏజెంటుకి ఫోన్ చేశాను. "గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్ ఉంది, స్కూలు సీలున్న ట్రాన్‌స్క్రిప్ట్ పంపండి" అన్నాడు. మా ఇంట్లో సీలంటే ఆవకాయ జాడీ మూతికి కట్టిన గుడ్డ ఒక్కటే. "హోమ్‌స్కూలండీ, మార్కులు వేసేది నేనే" అన్నాను. అవతల కాసేపు కీబోర్డు టకటక. ఆ తర్వాత, "అయితే సిస్టమ్ తీసుకోదండీ."

[తెర మీద: మూడు కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి బల్ల మీద పడతాయి.]

నాకు ఒళ్లు మండింది, ఎందుకో చెబుతాను. ఇంటి బడి కూడా ప్రైవేటు బడి కిందికే వస్తుందని 1994లో లీపర్ కేసులో టెక్సాస్ సుప్రీం కోర్టు తేల్చేసింది. డ్రైవింగ్ కూడా ఇంట్లోనే నేర్పుకోవచ్చు. డ్రైవింగ్ కోర్సుల్ని చూసే రాష్ట్ర శాఖ టీడీఎల్ఆర్‌కి 20 డాలర్లు కట్టి పేరెంట్ టాట్ గైడ్ తెప్పించుకుంటే అమ్మో నాన్నో మాస్టారైపోవచ్చు. లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసుకి పట్టుకెళ్లే వీఓఈ ఫారం, అంటే పిల్లాడు చదువుతున్నాడని చూపే కాగితం మీద బడివాళ్లు చెయ్యాల్సిన సంతకమూ మనమే చేస్తాం. ఇన్ని చోట్ల చెల్లిన సంతకం ఇన్సూరెన్స్ దగ్గరికొచ్చేసరికి చెల్లదట!

కోపం తగ్గాక ఆలోచిస్తే వాళ్లనీ తప్పుపట్టలేం. ఏ తల్లి తన బిడ్డకి సి గ్రేడ్ వేస్తుంది చెప్పండి? వాళ్లకి కావాల్సింది ఇంటి బయటివాళ్లు వేసిన మార్కు. అది మన దగ్గర ఉంటుంది, లేదా రాబోతుంది. అదే శాట్, కాలేజీలో చేరడానికి రాసే పరీక్ష.

చాలా కంపెనీల నిబంధన ఇలా ఉంటుంది: బి సగటు, అంటే జీపీఏ 3.0, లేకపోతే దేశవ్యాప్త పరీక్షలో పైన ఉన్న 20 శాతంలో ఉండటం. ఈ రెండో ముక్క ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి. "హోమ్‌స్కూల్ పిల్లలకి శాట్, ఏసీటీ, పీశాట్ స్కోరు తీసుకుంటారా? ఎంత పాతదైతే చెల్లుతుంది?" అని అడగండి. ఏసీటీ కూడా శాట్ లాంటిదే, పీశాట్ దానికి ముందు రాసే ప్రాక్టీసు పరీక్ష. జవాబు ఈమెయిల్లో తీసుకోండి, నోటిమాట వద్దు.

[తెర మీద: స్కోర్ రిపోర్టులో పర్సెంటైల్ ఉన్న చోట వేలు ఆగుతుంది.]

శాట్‌కి రిజిస్టర్ చేసేటప్పుడు హైస్కూల్ కోడ్ అడుగుతుంది. హోమ్‌స్కూల్ వాళ్లకి అది 970000. రిపోర్టు వచ్చాక పెద్దంకె స్కోరు చూసి మురిసిపోకండి, దాని దగ్గర పర్సెంటైల్, అంటే నూటికి ఎంతమంది కంటే పైనున్నాడో చెప్పే అంకె, ఉంటుంది, అది చూడండి. 80 గానీ అంతకంటే పైన గానీ ఉంటే ఆ పేజీ ఏజెంటుకి పంపండి. పీశాట్ మాత్రం మనంతట మనం ఆన్‌లైన్‌లో కట్టుకునేది కాదు. పరీక్ష అక్టోబర్‌లో ఉంటుంది కాబట్టి ఎండాకాలం సెలవులు అయ్యేలోపే దగ్గర్లోని హైస్కూలుకి ఫోన్ చేసి సీటు అడగాలి.

ఈ డిస్కౌంట్ స్టేట్ ఫార్మ్‌లో 25 శాతం దాకా ఉంటుంది. ఇంటి మొత్తం బిల్లులో పావు వంతు పోతుందని లెక్కలేసుకోకండి, సాధారణంగా పిల్లాడి వాటాకే వర్తిస్తుంది. అయినా చిన్నదేం కాదు, ఎందుకంటే బిల్లు పెరిగేదే ఆ వాటా వల్ల. నడిపిన మైళ్లతో పోలిస్తే 16 నుంచి 19 ఏళ్లవాళ్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు ఇరవై దాటినవాళ్ల కంటే దాదాపు మూడింతలు. ఆ రేటుకే కంపెనీ ధర కట్టేది.

డ్రైవర్ ఎడ్యుకేషన్ పూర్తయ్యాక వచ్చే డీఈ-964 సర్టిఫికెట్ కూడా చూపించండి. నాన్న నేర్పించిన కోర్సుకి డిస్కౌంట్ ఇస్తారా ఇవ్వరా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది.

[తెర మీద: గరాజ్‌లో రెండు కార్లు. పాతదాని మీద దుమ్ము.]

ఇప్పుడు మనకి కలిసొచ్చే సంగతి. బడికెళ్లే పిల్లాడు రోజూ పొద్దున ట్రాఫిక్‌లో కారు తీస్తాడు. మనవాడు తీయడు. ఫారం నింపేటప్పుడు "స్కూలుకి రాకపోకలు" అని ఏజెంటు అలవాటుగా టిక్ పెట్టేస్తాడు. అది తీయించి, నిజంగా ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతాడో అది రాయించండి. హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి నడుపుకునే కో-ఆప్ క్లాసులకీ, శనివారం మనబడికీ తిరిగేదంతా కలపండి. తక్కువ చెప్పి దొరికిపోతే తంటా. పిల్లాణ్ణి ఏ కారుకి కట్టారో కూడా అడగండి. కొన్ని కంపెనీలు ఇంట్లో ఉన్న ఖరీదైన కారుకే కట్టేస్తాయి.

అప్పు తీరిపోయిన పాత కారైతే, దాని విలువ ఎంత, కొలిజన్ కవరేజీకి, అంటే ఢీకొన్నప్పుడు మన కారు బాగుకి ఇచ్చేదానికి, ఏడాదికి కట్టేది ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. కట్టేదే ఎక్కువనిపిస్తే అది మానేయొచ్చు. డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకునేది, 500 నుంచి వెయ్యికి పెంచినా ప్రీమియం తగ్గుతుంది, కాకపోతే ఆ వెయ్యి బ్యాంకులో సిద్ధంగా ఉండాలి.

లయబిలిటీ, అంటే మనవల్ల అవతలివాళ్లకి జరిగిన నష్టానికిచ్చే కవరేజీ, దాన్ని మాత్రం తగ్గించకండి. టెక్సాస్ చట్టం అడిగే కనీసం 30/60/25. గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదం మొత్తానికి 60 వేలు, అవతలివాళ్ల ఆస్తికి 25 వేలు. ఫ్రిస్కోలో ప్రెస్టన్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఓ నిమిషం నిలబడి ముందున్న కార్లు చూడండి, 25 వేలకి వచ్చేవి ఎన్ని? మిగతాది మన జేబులోంచే. పదహారేళ్లవాడు బండి ఎక్కాక ఈ అంకెలు పెంచాలి గానీ తగ్గించకూడదు.

"పేరు చేర్చకుండా నడిపిస్తే పోదా?" అని మన గెట్‌టుగెదర్లలో ఎవరో ఒకరు అంటారు. పోదు. ఇంట్లో ఉంటున్న లైసెన్సున్న మనిషిని దాచితే క్లెయిమ్ రోజున పేచీ పెడతారు. 515ఏ అనే ఫారం మీద సంతకం చేసి పిల్లాణ్ణి పాలసీ నుంచి మినహాయించొచ్చు, కానీ ఆ తర్వాత వాడు పాల ప్యాకెట్ కోసం కారు తీసినా కవరేజీ లేనట్టే. పర్మిట్ మీద ఉన్నప్పుడే ఏజెంటుకి చెప్పేయండి.

ఫోన్‌లో పెట్టుకునే డ్రైవింగ్ యాప్‌ల మీద నాకు సగం నమ్మకమే. సడెన్ బ్రేకులూ, రాత్రి ప్రయాణాలూ లెక్కపెడతాయి. కొన్నిట్లో స్కోరు బాగోకపోతే ధర పెరుగుతుంది కూడా. టెక్సాస్‌లో 18 లోపు వాళ్లు అర్ధరాత్రి నుంచి 5 గంటల దాకా పనికో, బడి కార్యక్రమానికో, అత్యవసరానికో తప్ప నడపకూడదు కాబట్టి రాత్రి సంగతి కొంత నయం. బ్రేకులంటారా, మావాడి పక్క సీట్లో కూర్చుని నేను ఉత్తుత్తి బ్రేకు ఎన్నిసార్లు తొక్కానో కార్పెట్‌ని అడగాలి.

చివరికి శాట్ రిపోర్టు వచ్చిన రోజు మళ్లీ అదే ఏజెంటుకి ఫోన్ చేశాను. పేజీ పంపాను. మళ్లీ కీబోర్డు టకటక. ఈసారి సిస్టమ్ తీసుకుంది. అయినా ఊరుకోలేదు, టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖ నడిపే హెల్ప్‌ఇన్‌ష్యూర్ సైట్‌లో ఇంకో నాలుగు కంపెనీల ధరలు చూసి, అవే కవరేజీ అంకెలు చెప్పి కోట్లు తెప్పించాను. ఆ కోట్లు ఎలా చదవాలో ఇప్పుడు స్క్రీన్ మీద చూపిస్తాను, రండి.

[తెర మీద: లాప్‌టాప్‌లో పక్కపక్కన రెండు కోట్లు. లయబిలిటీ గడి చుట్టూ ఎర్ర గీత.]