ముందు షుగర్ చూపించుకోండి

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం.

2021 మే నెలలో కొవిడ్ ఆక్సిజన్ వార్డులో నేను తరచుగా విన్న మాట ఒకటుంది: "నాకు ఏ జబ్బూ లేదు డాక్టరు గారూ." అలా అన్నవారిలో ఒక రైతు నాకు బాగా గుర్తు. వయసు 48. ఆయన దాచిందేమీ లేదు, ఆయనకు తెలిసింది అంతే. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర 400 దాటి ఉంది. ఆయన బతికారు. ఎడమ కన్ను మాత్రం పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

కొవిడ్ ఎవరికి ముదురుతుందంటే మొట్టమొదట చెప్పాల్సింది వయసే. ఇంగ్లండ్‌లో 1.7 కోట్ల మందికి పైగా ప్రజల వైద్య రికార్డులను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. యాభైల్లో ఉన్నవారితో పోలిస్తే 80 దాటినవారికి మరణ ముప్పు 20 రెట్లకు పైగా ఉందని అందులో తేలింది. అవయవ మార్పిడి జరిగినవారు, రక్త క్యాన్సర్ ఉన్నవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఆ తర్వాతి వరుసలో ఉన్నారు. గర్భిణులకూ, ఊబకాయం ఉన్నవారికీ ముప్పు ఎక్కువే.

ఆ అధ్యయనంలో నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. షుగర్ లేనివారితో పోలిస్తే, షుగర్ అదుపులో ఉన్నవారికి మరణ ముప్పు మూడో వంతు మేర పెరిగింది. అదుపు తప్పినవారికి దాదాపు రెట్టింపైంది. జబ్బు ఒకటే, మధ్యలో ఇంత తేడా! వయసును వెనక్కి తిప్పలేం, చక్కెరను దించగలం. కాకపోతే ఉన్నట్టు ముందు తెలియాలి కదా.

మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకొచ్చిన మనిషిని మనం లావు అనుకోం. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే షుగర్ ఉందేమోనని అనుమానించాల్సిందే.

2021 మార్చి 1న 60 దాటినవారితో పాటు, 45 దాటి తీవ్రమైన జబ్బులున్నవారికీ టీకా మొదలైంది. జబ్బున్నవారు డాక్టరు ధ్రువపత్రం తేవాల్సి ఉండేది. జబ్బున్న సంగతే తెలియని మనిషి ఆ పత్రం ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇక ఆ కన్ను సంగతి. డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు లేదనీ అప్పుడే చెప్పారు. మన దగ్గర ఆ రెండో మాట ఎవరికీ వినపడలేదు. ఈ రైతుకు జ్వరం వచ్చిన రెండో రోజే ఎవరో స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు, చక్కెర చూడకుండానే. కొవిడ్ వస్తేనే చక్కెర పెరుగుతుంది. దానిపై స్టెరాయిడ్ పడితే ఇంకా పైకి పోతుంది, తెల్లరక్తకణాలు చురుకు కోల్పోతాయి. మట్టిలో, పేడలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండే బూజు మామూలు రోజుల్లో మన ముక్కులోకి వెళ్లినా ఏమీ చేయలేదు. అలాంటి ఒంట్లో మాత్రం ముక్కు నుంచి సైనస్‌లకు, అక్కడి నుంచి కంటికి పాకుతుంది. మీరు విన్న బ్లాక్ ఫంగస్ అదే. ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. అప్పుడు అలా పోయిన కళ్లలో చాలా వరకు పోకుండా ఉండాల్సినవని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇప్పుడు టీకాల వల్లా, ఒకసారి సోకి తగ్గడం వల్లా చాలామందికి కొవిడ్ జలుబులా వచ్చి పోతోంది. 75 ఏళ్ల తాతగారికీ, డయాలసిస్ మీద ఉన్న అమ్మకూ అలా పోతుందన్న నమ్మకం లేదు. వారికి జ్వరం వస్తే మొదటి రెండు రోజుల్లోనే పరీక్ష చేయించండి. ముప్పు ఎక్కువున్నవారికి ఇచ్చే యాంటీవైరల్ మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు వేయాలి. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్‌లో అంకె 94 కంటే తగ్గితే తెల్లవారేదాకా ఆగకండి.

బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఇద్దరు నర్సులు గ్లూకోమీటర్లతో కూర్చున్నారు. షుగర్ ఉందని తెలిసినవారు కాస్త ఆగండి. నాకు ఏ జబ్బూ లేదని గట్టిగా నమ్ముతున్నవారు ముందు రండి.