సూత్రం కంటె ముందు ముఖాలు లెక్కపెట్టాలె

పెద్దలందరికీ నమస్కారం, పిల్లలకు నా ఆశీస్సులు. ఇయ్యాల డిసెంబర్ 22, శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు. 1887ల ఈరోడ్‌ల పుట్టిండు ఆయన, 2012 నుంచి మనం ఈ రోజును జాతీయ గణిత దినోత్సవం అని చేసుకుంటున్నం. రామానుజన్ చేసిన లెక్కలు చానా పెద్దయి, అవి ఇంకో రోజు చెప్పుకుందాం. ఇయ్యాల నేను డబ్బా గురించి మాట్లాడుత. పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మామూలు డబ్బా, పుస్తకంల దీర్ఘఘనం అంటరు గదా, దాని మీది వైశాల్యం ఎట్ల లెక్కగట్టాలె అన్నది.

ఇదే ఎందుకంటె, ఇక్కడ కూసున్న అమ్మలు, నాయినలు చానామంది మేస్త్రి పని, కాంక్రీట్ పోసుటానికి పెట్టెలు కొట్టే సెంట్రింగ్ పని, పేంటింగ్ పని చేసేటోళ్లే. దేశంల యాడ డ్యామ్ కట్టినా యాడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటరని పేరు, మన దేవరకొండ దిక్కు కూడ అంతే, ఇంటికొక్కలన్న హైదరాబాద్‌ల బిల్డింగ్ పని మీద ఉంటరు. ఆ పనిల పైసలు కొలత మీద వస్తయి. మట్టి తవ్వితె ఘనపరిమాణం లెక్క, అంటె క్యూబిక్ లెక్క. ప్లాస్టరింగ్ చేసినా లప్పం పెట్టినా పేంట్ వేసినా సెంట్రింగ్ కొట్టినా వైశాల్యం లెక్క, అంటె చదరపు అడుగుల లెక్క, ఎస్ఎఫ్‌టీ అంటరు. మరి ఆ వైశాల్యం ఎట్లొచ్చిందో మన పిల్లగానికి తెల్వకపోతె, వాడు పదో తరగతి పాసై ఏం లాభం చెప్పుండ్రి?

పిల్లలూ, సూత్రం మీకందరికీ వచ్చు. రెండు ఇంటు, పొడవు వెడల్పు, ప్లస్ వెడల్పు ఎత్తు, ప్లస్ ఎత్తు పొడవు. నిద్రల లేపి అడిగినా చెప్తరు. కానీ నేను అడిగేది అది కాదు, ఈ సూత్రం ఏ డబ్బాకు? ఆరు ముఖాలూ మూసి ఉన్న డబ్బాకు. కింద, మీద ఒక జత, ముంగట, యెన్క ఒక జత, కుడి, ఎడమ ఒక జత, మూడు జతలు కాబట్టి ఆ రెండు వచ్చింది. ఇప్పుడు మన ఊర్ల, మన ఇంట్ల ఆరు ముఖాలూ లెక్కల పడే డబ్బా ఎన్ని ఉన్నయో ఎతికి చూడుండ్రి, చానా తక్కువ దొరుకుతయి. నేను ఇయ్యాల చెప్పాలనుకున్నది ఇదొక్కటే, సూత్రం రాసే ముందు ఏ ముఖాలు ఉన్నయి, ఏవి లేవు అని లెక్కపెట్టుండ్రి.

ఇగో అగ్గిపెట్టె. దీన్ని చూస్తె ఒక్క డబ్బానే అనిపిస్తది, విప్పి చూస్తె రెండు. పైన తొడుగుకు నాలుగే ముఖాలు, రెండు చివర్లు ఖాళీ. లోపలి అరకు ఐదు ముఖాలు, మీద మూత లేదు. పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర, ఎత్తు ఒకటిన్నర అనుకుందాం. తొడుగుకు మీద కింద కలిపి 35, పక్కలు రెండు కలిపి 15, మొత్తం 50 చదరపు సెంటీమీటర్లు. లోపలి అరకు అడుగు పదిహేడున్నర, పొడుగు పక్కలు 15, పొట్టి పక్కలు పదిన్నర, మొత్తం 43. రెండూ కలిపితె 93. అదే మనం కొలతలు చూడంగనే సూత్రంల పెట్టేసి రాస్తె ఎంతొస్తది? అరవైన్నర. అతుకు పెట్టే అంచులు లెక్కలకు తీస్కోకుండనే ఇంత తేడా. అట్ట కొని అగ్గిపెట్టెలు చేసేటోడు అరవైన్నర లెక్కన అట్ట తెచ్చుకుంటె మూడో వంతు అట్ట తక్కువ పడతది.

ఇగ ఇంటికి వద్దాం. ఒక రూము, 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. సూత్రం ప్రకారం 680 చదరపు అడుగులు. కానీ కింద బండలకు పేంట్ ఎవరేస్తరు? ఆ 120 పోయింది, మిగిలింది 560. అందుల నాలుగు గోడలు 440, స్లాబు కింద 120. ఈ నాలుగు గోడల లెక్కకు ఒక్కొక్క గోడ విడిగ కొలిచే పని లేదు. నాలుగు గోడల్ని చీర మడత విప్పినట్టు విప్పి పరిస్తె ఒకటే పొడుగు పట్టీ అయితది, దాని పొడవు రూము చుట్టుకొలత, 44 అడుగులు, ఎత్తు 10, గుణిస్తె 440. పుస్తకంల పక్కతల వైశాల్యం అని రాసింది ఇదే, మేస్త్రి టేపు పట్టుకొని రూము చుట్టూ తిరిగి ఎత్తుతోని గుణిస్తడు చూడుండ్రి, అదీ ఇదే. బడికి పోనోళ్లు కూడ దశాబ్దాల నుంచి కరెక్టుగ చేస్తున్న లెక్క ఇది, దాన్ని మనం పరీక్ష కోసం బట్టీ పడుతున్నం, నాకు ఇది చూస్తె బాధ అనిపిస్తది.

తలుపులు కిటికీల కాడ అందరూ లొల్లి పెట్టుకుంటరు. తలుపు 3 ఇంటు 7, 21 చదరపు అడుగులు. ఇంటాయన అంటడు, అక్కడ గోడే లేదు గదా 21 తీసెయ్యి అని. మేస్త్రి అంటడు, తియ్యను అని. ఎవరు చెప్పింది న్యాయం? ఇద్దరిదీ కొంత కొంత ఉంది. తలుపు సందు చుట్టూ గోడ మందం ఉంటది, అక్కడ కూడ ప్లాస్టరింగ్ చెయ్యాలె, అంచు సాపుగ తియ్యాలె, అది మామూలు గోడ కంటె కష్టం. తొమ్మిది ఇంచుల గోడ అయితె, అటు 7 ఇటు 7 మీద 3, మొత్తం 17 అడుగులు, ముప్పావు అడుగుతోని గుణిస్తె పన్నెండు ముప్పావు. అంటె గోడల 21 పోయింది, సందుల దాదాపు 13 కొత్తగ వచ్చింది. ఫ్రేమ్ ఎక్కడ కూసుంటదో దాన్నిబట్టి అందుల కొంత తగ్గుతది.

దీనికి సర్కారు కొలతల ప్రమాణం ఉంది, ఐఎస్ 1200 అంటరు. ప్లాస్టరింగ్‌కు అందుల ఏముందంటె, అర చదరపు మీటరు దాకా ఉన్న చిన్న సందులకు ఏమీ తియ్యొద్దు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఉంటె, గోడకు రెండు దిక్కులా ఒకే తీరు ప్లాస్టరింగ్ అయితె, ఒక్క దిక్కే తియ్యాలె, సందు లోపలి అంచులకు వేరే కలపొద్దు. 3 దాటితె రెండు దిక్కులా తీసి, లోపలి అంచులు కొలిచి కలపాలె. మన తలుపు రెండు చదరపు మీటర్లకు కొంచెం తక్కువ, కాబట్టి నడిమి రకం. చూసిన్రా, ఒక దిక్కు తీసుడు, ఒక దిక్కు ఉంచుడు, అంచుల పనికి ఈ ఉంచిన దానితోని చెల్లు. పని గుత్తకు మాట్లాడుకున్నప్పుడే తలుపులకు ఏ లెక్క అని నోటితోని అనుకుంటె తర్వాత మాటలు పెరగవు, ఇది మాత్రం ఇంటోళ్లకూ చెప్తున్న, మేస్త్రీలకూ చెప్తున్న.

సెంట్రింగ్ చేసేటోళ్లు చెయ్యెత్తుండ్రి... మంచిది. మీ పనిల ముఖాల లెక్క ఇంకా బాగ కనపడతది. పిల్లర్‌కు ఎన్ని దిక్కుల పెట్టె కొడతరు? నాలుగు దిక్కుల. పిల్లర్ అడుగు భాగం ఫుటింగ్ మీద, అంటె పునాది మీద కూసుంటది, మీద కాంక్రీట్ పోసుటానికి తెరిచి ఉంటది. బీముకు? మూడే, కింద, రెండు పక్కలు. 9 ఇంచులు ఇంటు 12 ఇంచుల పిల్లర్ 10 అడుగుల ఎత్తు ఉంటె చుట్టుకొలత మూడున్నర అడుగులు, 35 చదరపు అడుగులు. అదే సైజు బీము 12 అడుగులు ఉంటె, ముప్పావు ప్లస్ ఒకటి ప్లస్ ఒకటి, రెండు ముప్పావు ఇంటు 12, మొత్తం 33. స్లాబు మందం బీముల కలిసే కాడ పక్కలు ఇంకొంచెం తగ్గుతయి. పిల్లర్, బీము రెండూ పుస్తకంల దీర్ఘఘనాలే, కానీ సెంట్రింగ్ చేసేటోని కాడ ఒకటి నాలుగు ముఖాలది, ఒకటి మూడు ముఖాలది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఇంచులు అడుగులు కలిపి గుణించొద్దు. 9 ఇంచులను 12 అడుగులతోని గుణించి 108 అని రాస్తె అది ఇంచులూ కాదు అడుగులూ కాదు, ఏ లెక్కకూ రాదు. ఒక చదరపు అడుగు అంటె 144 చదరపు ఇంచులు, 12 కాదు. ఒక చదరపు గజం అంటె 9 చదరపు అడుగులు, 3 కాదు. ఒక చదరపు మీటరు దాదాపు పది ముప్పావు చదరపు అడుగులు.

ఇప్పుడు నాకు బాగ ఇష్టమైన కాడికొచ్చిన. ఇంటి ముంగట మూత లేని నీళ్ల హౌజు కట్టాలె, 256 ఘనపు అడుగుల నీళ్లు పట్టాలె. ఒకరు 8 పొడవు, 4 వెడల్పు, 8 లోతు అన్నరు. ఒకరు 16 పొడవు, 8 వెడల్పు, 2 లోతు అన్నరు. ఇంకొకరు 8 ఇంటు 8, లోతు 4 అన్నరు. మూడింటిల నీళ్లు సమానమే, మీరే గుణించి చూసుకోండ్రి. లోపల ప్లాస్టరింగ్ ఎంత? మొదటిదానికి అడుగు భాగం 32, గోడలు 192, మొత్తం 224. రెండోదానికి అడుగు 128, గోడలు 96, అది కూడ 224. మూడోదానికి అడుగు 64, గోడలు 128, మొత్తం 192. ఒకటి మరీ లోతు, ఒకటి మరీ పల్చన, రెండింటికీ ఎక్కువే పడ్డది, నడిమి దానికి తగ్గింది.

పిల్లలల్ల ఎవరన్న అడగొచ్చు, సార్, సమఘనానికి అన్నిటికంటె తక్కువ వైశాల్యం గదా, మరి అన్ని దిక్కులా సమానంగ ఎందుకు కట్టొద్దు అని. మంచి ప్రశ్న. సమానంగ కడితె ఒక్కొక్క దిక్కు ఆరు అడుగుల మీద కొంచెం, ఐదు ముఖాలకు కలిపి 201 దాటుతది, 192 కంటె ఎక్కువే. సమఘనం గెలిచేది ఆరు ముఖాలు ఉన్నప్పుడు. మూత పోయింది, ఐదే మిగిలినయి, అంటె గెలిచే ఆకారమే మారిపోయింది. ఎందుకు మారిందో చూడాలంటె ఇట్ల ఆలోచించుండ్రి. ఆ 8, 8, 4 హౌజు మీద అసొంటిదే ఇంకో హౌజును మూతికి మూతి ఆనిచ్చి బోర్లిస్తె ఏమైతది? 8 ఇంటు 8 ఇంటు 8 సమఘనం! రెండు హౌజులు కలిసి మూసిన డబ్బా అయినయి, మూసిన డబ్బాల సమఘనానిదే తక్కువ, దాంట్ల సగం మన హౌజు, కాబట్టి దానిదే తక్కువ. క్యాలిక్యులస్ లేకుండ, ఎనిమిదో తరగతి పిల్లకు కూడ అర్థమయ్యే రుజువు ఇది, నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు మొదటిసారి చెప్పినట్టే ఉంటది.

రెండు డబ్బాలు అతికిస్తె ఏమైతదో కూడ చూద్దాం. ఇటుక 9, 4, 3 ఇంచులు అనుకుంటె ఒక్కదాని మీది వైశాల్యం 150 చదరపు ఇంచులు. రెండు విడిగ ఉంటె 300. పెద్ద ముఖం మీద పెద్ద ముఖం పెడితె 36, 36, రెండు ముఖాలు దాసుకుంటయి, మిగిలేది 228. చివరికి చివర ఆనిస్తె 12, 12 పోయి 276. దాసుకున్న ముఖాలు రెండు అని మరిచి ఒక్కటే తీసేస్తరు పిల్లలు, పరీక్షల మార్కులు పోయేది ఎక్కువ ఇక్కడే. బట్టీల పచ్చి ఇటుకలు పేర్చేటోళ్లు ఇటుకకూ ఇటుకకూ నడుమ సందు ఇడుస్తరు, చూసే ఉంటరు. ముఖాలు దాసుకుంటె వాటికి మంట తగలదు, ఇటుక సరిగ కాలదు. గోడ కట్టే ముందు ఇటుకలను నానబెట్టేటప్పుడు కూడ అంతే, నీళ్లు లోపలికి పోయేది పై ముఖాల నుంచే.

పదో తరగతోళ్లకు ఒక చిన్న బహుమానం. డబ్బా పొడవు వెడల్పు ఎత్తు మూడు కలిపి ఎంతో చెప్పి, ఒక మూల నుంచి ఎదురు మూలకు లోపల నుంచి పుల్ల పెడితె ఎంత పొడుగో చెప్పండ్రి, విడివిడిగ కొలతలు చెప్పకుండనే నేను మొత్తం వైశాల్యం చెప్త. మూడు కొలతల మొత్తాన్ని వర్గం చేసి అందుల నుంచి పుల్ల పొడుగు వర్గం తీసెయ్యాలె, అంతే. 3, 4, 12 తీస్కోండ్రి. మొత్తం 19, వర్గం 361. మూల నుంచి మూలకు 13, వర్గం 169. తీసేస్తె 192. ఇప్పుడు సూత్రంల పెట్టి చూడుండ్రి, 12 ప్లస్ 48 ప్లస్ 36, 96, దాన్ని రెండింతలు చేస్తె 192. మూడు పదాల వర్గాన్ని విస్తరించినప్పుడు చివరికి వచ్చే ఆ రెండు ఏబీ, రెండు బీసీ, రెండు సీఏ ఉన్నయే, డబ్బా మీద మూడు జతల ముఖాలు అవే.

ఇగ బయట మన బడి వరండా కాడ మూడు మెట్లు ఉన్నయి, అవి ఒకదాని మీద ఒకటి పెట్టిన డబ్బాలే. మెట్టు 4 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు అనుకోండ్రి, రెండు చివర్లూ తెరిచే ఉన్నయి, యెన్క గోడకు ఆనింది, కింద నేల. టైల్స్ వెయ్యాలంటె ఎన్ని చదరపు అడుగులు కావాలె? ఏ ముఖం నేలల పోయింది, ఏది గోడకు పోయింది, ఏది మీది మెట్టు కింద దాసుకుంది, ముందు అది చూసి చెప్పుండ్రి. నాకు 24 వచ్చింది. వేరే ఏమన్న వచ్చినోళ్లు టేపు తీస్కొని రాండ్రి, పోయి మెట్ల కాడనే నిలబడి చూద్దాం.