ఏ మందు? ఎంత? ఏ దారిన?

అందరికీ నమస్కారం. విషాల గురించి మాట్లాడమన్నారు. మన విశాఖలో ఆ మాట ఎత్తితే 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుకు రాకుండా ఉండదు. గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరై ఊరి మీద పడింది, నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు పరుగెత్తుతూనే రోడ్డు మీద పడిపోయారు, 12 మంది చనిపోయారు, కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. అదే స్టైరీన్ మన వంటింటి దాల్చినచెక్కలో కూడా ఉంటుంది, చాలా కొద్దిగా, సహజంగానే. దాల్చినచెక్క వేసిన పులావు తిని ఎవరూ పడిపోవడం లేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో వెతకడమే టాక్సికాలజీ.

స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు, అందుకే నేలను పట్టుకుని పాకుతుంది. కొవ్వులో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్లడానికి దానికి ఎంతోసేపు పట్టదు. తల తిరగడం, మత్తు, కాళ్లు తడబడి పడిపోవడం అందుకే. తర్వాత లివర్ దాన్ని మార్చడం మొదలుపెడుతుంది, ముందు స్టైరీన్ ఆక్సైడ్ అనే ఇంకాస్త చురుకైన పదార్థంగా, ఆ తర్వాత మాండెలిక్ ఆమ్లంగా చేసి మూత్రంలో బయటికి పంపుతుంది. మూత్రం పరీక్షిస్తే ఒంట్లోకి ఎంత వెళ్లిందో అంచనా దొరికేది ఇందువల్లే.

మోతాదే విషాన్ని విషం చేస్తుందని పారాసెల్సస్ అనే వైద్యుడు 1538లోనే రాశాడు. మన భాషలో ఈ సంగతి ఇంకోలా ఉంది, జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో పురుగుకి కొట్టేదీ మందే. పారాసెటమాల్ చూడండి. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు 8, అది దాటకూడదు. లివర్ ఆ మందును మార్చేటప్పుడు కొంచెం విషపదార్థం పుడుతుంది, గ్లూటాథయోన్ అనే కాపలాదారు దాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. మోతాదు మించితే ఆ కాపలా అయిపోతుంది, ఇక విషం లివర్ కణాలనే పట్టుకుంటుంది. నాకు భయం వేసేది ఏమిటంటే, మొదటి రోజు మనిషి దాదాపు బాగానే కనిపిస్తాడు. కాస్త వికారం, అంతే. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. దీనికి విరుగుడు ఉంది, మొదటి 8 గంటల్లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకండి. జలుబు బిళ్లల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, అట్ట వెనక చదవండి.

పురుగుమందుల్లో క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి నరాల మీద పనిచేస్తాయి. నరం కండరానికి కబురు పంపాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతుంది, కబురు అందాక ఒక ఎంజైమ్ దాన్ని వెంటనే విరగ్గొట్టాలి. ఈ మందు ఆ ఎంజైమ్‌నే కట్టేస్తుంది. ఇక కబురు ఆగదు: నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత అవుతుంది, చివరికి ఊపిరి పీల్చే కండరాలు అలిసిపోతాయి. పురుగులో ఉన్న ఎంజైమే మనలోనూ ఉంది మరి. తాగితేనే ఎక్కుతుందనుకోవద్దు, స్ప్రేయర్ కారి చొక్కా వీపుకి అంటుకుంటే చర్మం గుండా కూడా వెళ్తుంది, తడిసిన బట్టలు అప్పుడే విప్పేసి సబ్బుతో కడుక్కోవాలి. దీనికి ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఎక్కడుందో తెలుసా? ఉమ్మెత్తలో ఉన్న విషాల్లో అదొకటి. ముల్లును ముల్లుతోనే తీయడం అంటే ఇదే.

అన్నీ ఇంత తొందరగా కనబడవు. మన విశాఖ, శ్రీకాకుళం తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసే ఉంటారు, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు. ఆ వేడి, ఆ పొగ ఏళ్ల తరబడి అంగిలికి తగిలి తగిలి క్యాన్సర్ వస్తుంది. ఏ ఒక్క రోజూ అది విషంలా అనిపించదు. ఆ అమ్మలకు ఇది ఎవరైనా కూర్చోబెట్టి ప్రేమగా చెప్పాలి, తిట్టి కాదు.

ఇంట్లో పిల్లవాడు కిరోసిన్ తాగితే వాంతి చేయించకండి. మింగేటప్పటి కంటే వాంతిలో పైకి వచ్చేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ. వాంతి కోసమని ఉప్పునీళ్లు ఎవరికీ పట్టకండి. ఇంకొకటి, ఎవరైనా "మందు తాగాడు" అని మోసుకొస్తారు, ఏ మందో చెప్పలేరు. నేను ఇందాక చెప్పిన పురుగుమందైతే డాక్టరు అట్రోపిన్ అందుకుంటాడు. అదే గడ్డిమందు పారాక్వాట్ అయితే అట్రోపిన్‌తో పని లేదు, అది ఊపిరితిత్తుల్లో చేరి ఆక్సిజన్‌తోనే వాటిని కాల్చేస్తుంది కాబట్టి ఆక్సిజన్ పెట్టడానికి కూడా ఆచితూచి అడుగేయాలి. రెంటినీ ఇంట్లో "మందు" అనే అంటారు. అందుకని మనిషిని ఎత్తుకొచ్చే ఆటోలోనే ఆ డబ్బా కూడా వేసుకురండి, ఖాళీదైనా సరే, లేబుల్ సగం చిరిగినా సరే.