ఇంటికి బీమానా, ఇంట్లో సామాన్లకా? కట్టే ముందు చూసుకోవాల్సిన లెక్క

నమస్కారమండీ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ని ముంచేసిన రోజులు గుర్తున్నాయి కదా. నీళ్లు తగ్గాక వీధుల్లో గుట్టలు పడ్డవి ఏంటి? బురద పట్టిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ మంచాలు, పరుపులు. శ్లాబు ఇల్లు నిలబడే ఉంది, ఇంట్లో సామానే పోయింది. ఇల్లు, సామాను రెండూ ఒకే బీమాలో ఉంటాయనుకుని మోసపోయేది ఇక్కడే.

ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే, "లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లే కట్టించారండీ" అంటారు చాలామంది. ఆ కాగితం ఒకసారి బయటికి తీయండి. అది అసలు ఇంటి బీమానే కాకపోవచ్చు. లోన్ తీసుకున్న మనిషికి ఏమైనా అయితే బాకీ తీర్చే జీవిత బీమా కావచ్చు. ఇంటి బీమానే అయినా, బిల్డింగ్‌కి మాత్రమేనా, సామాన్లకి కూడానా అన్నది షెడ్యూల్ పేజీలో, అంటే దేనికి ఎంత బీమానో రాసి ఉండే పేజీలో చూడండి. బ్యాంకు పేరు కూడా అందులో ఉంటే, బిల్డింగ్ క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది.

ఇల్లు మారేటప్పుడు లారీ ఎక్కించేది సామాను. గోడకీ నేలకీ శాశ్వతంగా బిగించినది బిల్డింగ్. కాంపౌండ్ వాల్, గేటు, సెప్టిక్ ట్యాంకు, పైన నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా బిల్డింగ్ కిందకే వస్తాయి. స్ప్లిట్ ఏసీ, మాడ్యులర్ కిచెన్ దగ్గరే పేచీ వస్తుంది. అవి ఏ పద్దులో పడతాయో ప్రపోజల్ ఫారంలోనే, అంటే బీమా కోసం మీరిచ్చే దరఖాస్తులోనే రాయించుకోండి.

అద్దెకుంటున్నవాళ్లకి తేల్చుకోవడానికి ఏమీ లేదు, సామాన్ల బీమా చాలు. ఓనర్ కట్టిన పాలసీ ఓనర్ గోడలకే, మీ టీవీకి రూపాయి రాదు. ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉంటున్న ఓనరైతే బిల్డింగ్‌కి కట్టండి. సొంతింట్లో ఉంటున్నవాళ్లకి మాత్రం రెండూ కావాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఇప్పటికే మొత్తం బ్లాకుకి తీసుకుందేమో ముందు అడగండి.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక ప్రామాణిక పాలసీ తెచ్చింది, పేరు భారత్ గృహ రక్ష. బిల్డింగ్‌కి మాత్రమే, సామాన్లకి మాత్రమే, రెండిటికీ కలిపి, మూడు రకాలుగానూ తీసుకోవచ్చు. బీమా మొత్తం ఎంత పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఫ్లాట్ 80 లక్షలకి కొన్నాం కాబట్టి 80 లక్షలకే బీమా అనుకుంటారు. అందులో స్థలం విలువ ఉంది. వరదొచ్చినా మంటలొచ్చినా స్థలం ఎక్కడికీ పోదు కదా! లెక్క ఇలా వేయండి: కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే నేల, 900 చదరపు అడుగులు, మీ ఊళ్లో ఇవాళ కట్టుబడి ఖర్చు అడుగుకి 2,000 అనుకుంటే, 18 లక్షలు. బిల్డింగ్, సామాను రెండిటికీ కలిపి తీసుకుంటే అందులో 20 శాతం, అంటే 3 లక్షల 60 వేల దాకా, సామాన్లకి విడిగా జాబితా ఇవ్వకుండానే కవర్ వస్తుంది. దీనికి పైపరిమితి 10 లక్షలు. మీ సామాను అంతకు మించితే జాబితా ఇచ్చి పెంచుకోవాలి.

ఇప్పుడు ఏవి రావో చూద్దాం. మామూలు దొంగతనం ఇందులో లేదండీ. మంటలో వరదో వచ్చి, దాని మూలంగా 7 రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఇస్తారు. తాళం పగలగొట్టి దోచుకెళ్లడం మీ భయమైతే, దానికి బర్గ్లరీ కవర్ వేరేగా తీసుకోవాలి. నగదుకి ఏమీ రాదు. బంగారం మామూలు సామాన్లలో కలవదు, దానికి అదనపు కవర్ ఉంది. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే విలువ కట్టించిన వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు.

కరెంటు సంగతి చాలామందికి తెలీదు. ఫ్రిజ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాయనుకోండి. పక్కనున్న కప్‌బోర్డ్, కర్టెన్లు, సీలింగ్ కాలితే వాటికి ఇస్తారు, షార్ట్ అయిన ఆ ఫ్రిజ్‌కి మాత్రం ఇవ్వరు. పైపు పగిలి నీళ్లు పారితే క్లెయిమ్ ఉంది. ఏళ్ల తరబడి గోడలో చెమ్మ ఊరి పెచ్చులూడితే లేదు. అది మరమ్మతు కింద లెక్క.

నష్టం జరిగిందా, అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ రాసుకోండి. మంటలైతే ఫైర్ సర్వీసుకీ పోలీసులకీ కూడా చెప్పాలి. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోపు ఇవ్వాలి. వాసన భరించలేక సామాను మున్సిపాలిటీ బండికి ఎత్తేస్తారు చూశారా, అక్కడే క్లెయిమ్ దెబ్బతింటుంది. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్కటి కూడా పారేయకండి. గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనిపించేలా ఫొటో తీయండి, అదే ఫ్రేములో ఫ్రిజ్ కూడా పడాలి. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో, ఫ్రిజ్ మోటారు మునిగిందో లేదో ఆ ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది. ఫ్రిజ్ వెనకో లోపలో ఉండే స్టిక్కర్ మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉంటాయి, వాటిని దగ్గర నుంచి మరో ఫొటో. బిల్లు బురదలో పోయినా ఆ నంబర్లు పనికొస్తాయి. అసలు ఈ స్టిక్కర్ల ఫొటోలన్నీ ఈ రోజే తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, పది నిమిషాల పని.