ప్లాసీకి ముందే కంపెనీకి నెల్లూరులో దెబ్బ! ఆ నేల ఎందుకు తవ్వరు?

నమస్తే నెల్లూరు! పోయిన వీడియోలో ఈస్టిండియా కంపెనీ సైన్యం మన ఊళ్ళో దిగిన చోట తవ్వకాలు జరపాలి అన్నాను. ఒకటే తిట్లు! "తెల్లోళ్ళ గుడారాలు మనకెందుకు, ఉదయగిరి కోట తవ్వించు" అని.

అయ్యా, ఆ నేలలో ఉన్నది వాళ్ళ గొప్ప కాదు, వాళ్ళ ఓటమి! 1757 మే నెల. ప్లాసీ యుద్ధం జూన్ 23న, అంటే ఇంకా జరగనేలేదు. ఆర్కాటు నవాబు మీద తిరగబడ్డ అతని సోదరుడు నజీబుల్లాని లొంగదీయడానికి కంపెనీ కల్నల్ ఫోర్డ్ నెల్లూరు మీదికి దండెత్తి వచ్చాడు. మన కోటది మట్టిగోడ! సింహద్వారం, కొన్ని బురుజులు మాత్రమే రాయి. ఫిరంగులతో గండి కొట్టి ఎగబడ్డారు. లోపలివాళ్ళు తరిమికొట్టారు. ఈ మాట రాసుకున్నది కంపెనీ చరిత్రకారుడే!

"తిరుచిరాపల్లి మీదికి ఫ్రెంచివాళ్ళు వచ్చారని ఫోర్డ్‌ని వెనక్కి పిలిచారు" అంటారు. పిలిచారు. దెబ్బ తిన్నాక! అదే ఫోర్డ్ 1758లో చందుర్తిలో ఫ్రెంచివాళ్ళ మీద గెలిచాడు. పోటీ పరీక్షలు రాసే ప్రతివాడికీ చందుర్తి తెలుసు. మరి నెల్లూరో?

ఇప్పుడు నా లెక్క వినండి. గోడ కూల్చాలంటే ఫిరంగులు దగ్గరికి తేవాల్సిందే. కాబట్టి వాటిని నిలబెట్టిన దిబ్బలు ఎక్కడో పొలాల్లో కాదు, పాత కోట ఉన్న కోటమిట్ట చుట్టుపక్కల మన ఇళ్ళ కిందే ఉండి ఉండాలి!

తుపాకీ గుండ్లు సీసంతో పోసేవాళ్ళు. రాతికి తగిలిన గుండు అప్పచ్చిలా అణిగిపోతుంది. కంగారులో చేయి జారిన గుండు గుండ్రంగానే ఉంటుంది, దాని మీద పోత గీత, అంటే అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడే గీత కూడా కనిపిస్తుంది. ఒకటి దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతుంది, ఇంకోటి సిపాయి ఎక్కడ నిలబడ్డాడో చెబుతుంది. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే పాత యుద్ధభూమిలో 1984లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని, దొరికిన గుండ్లు, తూటా డొల్లలతో యుద్ధం నడిచిన తీరు గీశారు. మనకేం తక్కువ?

అన్నట్టు, 1786లో ఇక్కడే దగ్గర్లో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది, దాని కింద రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాణేలు! చాలామటుకు కరిగించేశారు. తలుచుకుంటే కడుపు మండిపోతుంది. బంగారానికే ఆ గతి పడితే, సీసం గుండుని ఎవడు దాస్తాడు?

కోటమిట్ట వైపు పునాదులు తీసే మేస్త్రీలూ, జేసీబీ అన్నలూ, బరువుగా, బూడిద రంగులో గుండ్రటి ముక్క కనిపిస్తే పాత ఇనుము బండికి వేయొద్దు. దొరికిన చోట, దొరికిన లోతులో ఫొటో తీయండి, పురావస్తు శాఖకి చెప్పండి. మీరు మాత్రం తవ్వకండి. ఆ ఫొటో నాకూ పంపండి, వచ్చే వీడియోలో అదే మొదటి షాట్!